ఎండల సీమలో నీళ్ళు పోని బూట్లు

కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళు గంగ గురించి రాస్తారు. కాశ్మీరు వెళ్ళొచ్చినవాళ్ళు మంచు గురించి రాస్తారు. నేను కర్నూలులో బయల్దేరి కోడుమూరు, కోసిగి, కడప మీదుగా రాజంపేట దాకా వెళ్ళొచ్చి బూట్ల గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి.

నాకు యాభై రెండేళ్ళు. ఈ వయసులో నా స్నేహితురాళ్ళందరూ మోకాళ్ళ నొప్పులు తెచ్చుకుంటే నేను ఒక ఆడగుర్రాన్ని తెచ్చుకున్నాను. కర్నూలు ఊరి బయట మాకున్న కాస్త చేలో రేకుల పాక వేసి కట్టేశాను. జొన్న గింజ రంగులో ఉంటుంది కాబట్టి జొన్నమ్మ అని పిలుస్తాను. పొద్దున్నే పాక ఊడ్చి, లద్దె ఎత్తి, తొట్టి కడిగి, ఆమెను తోమి, కాసేపు ఎక్కి చేల గట్ల వెంట తిరిగొస్తే ఆ రోజంతా నా అంత మంచి మనిషి ఉండదు. ఎవరేమన్నా కోపం రాదు. ఇంట్లోవాళ్ళకు అది చాలా పెద్ద లాభం, వాళ్ళు ఒప్పుకోరు గానీ.

చిక్కల్లా నా కాళ్ళతోనే. నాకు షుగరు ఉంది, అరికాళ్ళు మొద్దుబారాయి. పోయిన వానాకాలం తడి బూట్లతోనే పాకలో పని చేస్తుంటే మడమ మీద బొబ్బ లేచింది. అది పుండై, మానేసరికి దీపావళి దాటింది. డాక్టరమ్మ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది: "తడవని బూట్లు, ఎక్కడా ఒత్తని బూట్లు దొరికితే సరే. లేకపోతే గుర్రాన్ని మర్చిపోండి. ఈసారి పుండు పడితే వేలు పోవచ్చు, పాదమే పోవచ్చు." మావారు ఇందులో మొదటి వాక్యం వినలేదు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు పంపే ఒకాయనతో బేరం మాట్లాడేశారు. నేను ఇల్లు పీకి పందిరేస్తే తొలకరి దాకా గడువిచ్చారు. ఆలోగా బూట్లు దొరకాలి, లేదా జొన్నమ్మ బ్యాండు మేళం వెనక పెళ్ళికొడుకుల్ని మొయ్యాలి.

ఫోనులో తెప్పించుకోవచ్చు కదా అంటారేమో. తెప్పించాను. నాది రేపల్లె బురదలో చెప్పుల్లేకుండా పెరిగిన పాదం, ముందు భాగం చేటంత ఉంటుంది. ఆ బూట్లు చూస్తే కొంగలకు కొలతలు తీసి కుట్టినట్టున్నాయి. ఒకదాంట్లో కాలు పట్టలేదు. ఒకదాంట్లో పట్టింది గానీ రాలేదు, మావారు లాగాల్సి వచ్చింది.

ఇక ఈ యాత్రకు తోడు మా వదిన ఈశ్వరమ్మ. మావారికి అక్క, కడపలో ఉంటుంది, కారు తనే నడుపుతుంది. పేరుకే తోడు, నిజానికి తమ్ముడి తరఫున కాపలా. మా వైపు ఆడపడుచుని "మీరు" అనకపోతే పుట్టింటి పరువు పోతుంది. పెళ్ళైన కొత్తలో నేను "మీరు భోంచేశారా వదినా" అని అడిగితే ఆవిడ వెనక్కి తిరిగి చూసి, "మీరేందమ్మా, ఈడ ఎంతమందిమి ఉండాం?" అంది. ఆ రోజు నుంచి నువ్వే. ఆవిడకు గుర్రమంటే గిట్టదు. ఎందుకు గిట్టదో కడప చేరేదాకా నాకూ సరిగ్గా తెలియదు.

కర్నూలు: బిందె పరీక్ష

పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. బొరుగుల్ని నీళ్ళలో ముంచి తీసి, పిండి, తాలింపు వేసి పప్పుల పొడి చల్లితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే దాన్ని ఇక్కడెవరూ టిఫినుగా లెక్కచెయ్యరు. మా కోస్తాలో మరమరాలంటే సాయంత్రం పిల్లల చేతిలో పెట్టేవి. ఇక్కడ గడ్డాలు నెరిసినవాళ్ళు కూడా పొద్దున్నే వాటిమీద ఒట్టేసుకుని పనికి వెళ్తారు. తిన్నాక కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ బజారుకు వెళ్ళాం.

"నీళ్ళు పోని బూట్లు కావాలి" అన్నాను దుకాణంలో.

కుర్చీలో కూర్చున్న యజమాని ఆకాశంకేసి చూశాడు. తెల్లగా కాలిపోతోంది. "వానలు యాడుండాయక్కా, బూట్లు తడిసేకి?"

గుర్రం సంగతి చెప్పాను. ఆయన నన్నూ, నా చీరనూ, మా వదిననూ చూసి, ఇంకేమీ అడగకుండా అటక మీది నుంచి నల్లటి గమ్‌బూట్ల జత దింపి దుమ్ము దులిపాడు. తర్వాత మేము చూస్తుండగానే తాగేనీళ్ళ బిందె ఎత్తి, కుడి బూటు నిండా నీళ్ళు పోశాడు. పోసి, దాన్ని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకున్నాడు.

"చూడక్కా. ఒక్క చుక్క పోతాందా? సాయంత్రం దాకా పట్టుకోమన్నా పట్టుకుంటా."

పక్క దుకాణంవాళ్ళు కూడా వచ్చి బూటు అడుగు వేలితో తడిమి చూసి, పొడిగానే ఉందని తీర్పిచ్చారు. మా వదిన కూడా తల ఊపింది. ఈ సీమలో బిందె కొన్నా, బకెట్టు కొన్నా, తొట్టి కట్టించుకున్నా ముందు నీళ్ళు పోసి చూస్తారు. నీళ్ళ విలువ తెలిసినవాళ్ళు. బూటు మాత్రం ఏం పాపం చేసింది?

"అయ్యా, నాకు లోపలి నీళ్ళు బయటికి పోకపోవడం కాదు, బయటి నీళ్ళు లోపలికి రాకపోవడం కావాలి" అన్నాను.

"రెండూ ఒకటే కదక్కా. అట్ల పోనిది ఇట్ల మాత్రం యాడ పోతాది?"

తర్కం బాగానే ఉంది. కాకపోతే నా సైజు బూటు ఇప్పుడు నిండు చెరువు, తొడిగి చూసే యోగం లేదు. పొడిగా ఉన్న ఇంకో జత ఒక సైజు పెద్దది. అదే తొడుక్కుని దుకాణం ముందు అటూ ఇటూ నడిచాను. "ఎట్లుండాయి?" అంది వదిన. "బ్రహ్మాండంగా ఉన్నాయి, కాలికి వేసుకున్నట్టే లేదు" అన్నాను. నాలుగు వందల యాభైకి బేరం కుదిరింది. ఆయన బూటులోని నీళ్ళు పారబోయకుండా దుకాణం ముందున్న వేపమొక్కకు పోశాడు.

కోడుమూరు: బూటు సవారీ

మా వదినకు చుట్టం లేని ఊరు రాయలసీమలో లేదు. కోడుమూరులో ఆవిడకు వేలు విడిచిన మామ ఒకాయన ఉన్నాడు, పేరు మద్దిలేటి రెడ్డి. వ్యవసాయం కంటే ఇప్పుడు సిమెంటు వ్యాపారమే ఎక్కువ. అయినా ఇంట్లో ఒక గుర్రం ఉండటం వాళ్ళ తాతల నాటి అలవాటని ఇప్పటికీ ఒకదాన్ని మేపుతున్నాడు. దాన్ని చూడగానే నా ప్రాణం లేచొచ్చింది.

భోజనం జొన్నరొట్టె, గుత్తి వంకాయ, శెనక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి. మా వైపు జొన్న అంటే పశువుల మేత. నేనొక్కదాన్నే బియ్యం కోసం అటూ ఇటూ చూస్తున్నానని పసిగట్టి, ఆ ఇంటి ఆడవాళ్ళు చివర్లో పిడికెడు అన్నం తెచ్చి, రోగికి పెట్టినట్టు పెట్టారు. పరువు కోసం ఇంకో రొట్టె అడిగి తిన్నాను. రుచి రెండో రొట్టె దగ్గర తెలిసింది.

తిన్నాక కొత్త బూట్లతో గుర్రం ఎక్కి చూస్తానన్నాను. వదిన వద్దంది. అందుకే వెంటనే ఎక్కాను. ఎక్కడం బాగానే ఎక్కాను. రికాబులో కాలు పెట్టడం కూడా బాగానే పెట్టాను. రికాబు అంటే జీనుకు రెండు పక్కలా వేలాడే ఇనప కడియం, కాలు దాంట్లో పెట్టుకుని కూర్చుంటాం. దిగేటప్పుడే, ఆ గమ్‌బూటుకు సరైన మడమ లేదు కాబట్టి కాలు ముందుకు జారి, వెడల్పాటి రబ్బరు అడుగు కడియంలో బిరడా బిగిసినట్టు బిగిసింది. ఒక కాలు నేల మీద, ఒక కాలు గుర్రం మీద. అదే సమయానికి గుర్రానికి నీళ్ళ తొట్టి గుర్తొచ్చింది.

నేను ఒంటికాలి మీద నాలుగు గెంతులు గెంతాను. తర్వాత నా కాలు బూటులోంచి ఊడి వచ్చింది. నేను కింద కూలబడ్డాను. బూటు మాత్రం రికాబులోనే ఉండిపోయి, గుర్రంతో పాటు పెరడంతా దర్జాగా ఒక చుట్టు తిరిగొచ్చింది.

మద్దిలేటి పరుగెత్తుకొచ్చి నన్ను లేపాడు. "ఏమ్మా, దెబ్బ తగిలిందా? బూటు లూజుగా ఉండబట్టి బతికినావు. సరిగ్గా పట్టింటే నిన్ను కూడా ఈడ్చుకొని పోయిండేది."

"నాకేం కాలేదు" అన్నాను. వదిన నా సాక్సు కేసి చూస్తోంది. రెండో వేలి దగ్గర చిల్లు. "నీ సాక్సులన్నీ కుక్క పీకినట్టు ఆడనే చినుగుతాయేంది?" అంది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

"తమ్మునికి చెప్పాల్నా వద్దా ఇది?" అంది.

"చెప్పొద్దు వదినా."

"చెప్పను. కానీ ఈ రబ్బరు బూట్లతో ఇంగ గుర్రమెక్కితే కాళ్ళు నేనే ఇరగ్గొడతా."

గమ్‌బూటు పాక కడగడానికి పనికొస్తుంది, ఎక్కడానికి ప్రాణాంతకం అని నాకప్పుడు తెలిసొచ్చింది. ఎక్కే బూటుకు చిన్న మడమ ఉండాలి, అడుగు నున్నగా ఉండాలి, ముందు భాగం రికాబులో ఆడేంత సన్నగా ఉండాలి. నా పాదమేమో చేటంత. మద్దిలేటి ఆలోచించి, రాజంపేటలో సామ్యూలని ఒకాయన తోలు బూట్లు కుట్టిస్తాడని నంబరు ఇచ్చాడు. అక్కడి నుంచే ఫోను చేశాను. లైను గరగరలాడుతోంది. "గుర్రం బూట్లు కావాలండీ, నీళ్ళు పోకూడదు" అని అరిచాను. "సైజు?" అన్నాడు. "ఏడు!" అన్నాను. "ఏడా?" అని రెట్టించి, మళ్ళీ అడిగాడు: "ఎన్ని?" "ఒక జత చాలు!" "సరే మ్యాడం, చేసి పెడతా" అన్నాడు. పని ఇంత తేలిగ్గా అయిపోయినందుకు ఆ సాయంత్రం నేను చాలా సంతోషించాను.

కోసిగి: ఎండుతున్న బూట్లు

దారి మళ్ళి ఎందుకు వెళ్ళామంటే, కోసిగిలో వదినకు ఒక పెళ్ళి పత్రిక ఇవ్వాల్సిన పని ఉంది. ఎర్రనేల, రాళ్ళగుట్టలు, తాళాలు వేసిన ఇళ్ళు. వాన లేని నెలల్లో ఇక్కడి జనం మూటాముల్లె సర్దుకుని బెంగళూరు వైపో గుంటూరు వైపో పనికి పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. తొలకరికి ముందు ఒక్కొక్కరే తిరిగొస్తారు. అట్లా తిరిగొచ్చినవాళ్ళ ఇంటి ముందు కంచె కర్రల మీద తలకిందులుగా గమ్‌బూట్లు వరసగా ఎండుతున్నాయి. నేను "ఆపు ఆపు" అని అరిచాను. వదిన గుండె ఆగినంత పనైంది.

ఆ ఇంటావిడ పేరు నరసమ్మ, నా వయసే ఉంటుంది. బెంగళూరులో మిద్దెలకు కాంక్రీటు పోసే పని చేసొచ్చింది. నా చేతిలో బూట్లు చూసి, "ఎన్ని దుడ్లు పెట్టి కొన్నావమ్మా ఈటిని?" అంది.

"నాలుగొందల యాభై."

"అయ్యో! మాకు మేస్త్రీ ఊరికే ఇచ్చినాడు" అని పడీపడీ నవ్వింది. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి ఉడకేసిన శెనక్కాయలు పళ్ళెంలో పోసింది. తర్వాత కాళ్ళు చాపి చూపించింది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా పొట్టు లేచి ఉంది.

"బయట నీళ్ళు లోపలికి రావు, నిజమే. లోపలి చెమట బయటికి పోతాదా? పొద్దంతా దాంట్లోనే ఉడుకుతాయి కాళ్ళు. మేము మధ్యానం బువ్వ తినేటప్పుడు ఇప్పి ఎండలో పెడతాం. మళ్ళా పొడి గుడ్డ చుట్టుకొని ఏసుకుంటాం. అట్ల చెయ్యకుంటే కాలు పుండే."

నేను ఇంతకాలం నీళ్ళు ఎటు నుంచి వస్తాయా అని చూశాను గానీ, లోపల పుట్టే నీళ్ళ సంగతి ఆలోచించలేదు. పోయిన ఏడు నా మడమకు జరిగింది ఇదేనేమో. ఈ బూట్లు ఎందుకో ఆవిడ అడిగితే, గుర్రానికి లద్దె ఎత్తడానికని చెప్పాను.

"దుడ్లుండి కూడా లద్దె ఎత్తుతాండావా? ఎత్తకుంటే ఎవురు తిడతారు నిన్ను?"

"ఎవరూ తిట్టరు. ఎత్తితేనే తిడతారు."

వదిన మొహం అటు తిప్పుకుని నవ్వింది. నరసమ్మ మాత్రం నవ్వలేదు. "మా ఆయనకు కూడా గొర్లు అంటే అట్లనే. ఉండేవి నాలుగే, అమ్మమంటే అన్నం మానేస్తాడు" అంది. ఆ మాటతో నాకు ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నా గమ్‌బూట్లు ఆయనకు సరిపోతాయంటే ఇచ్చేసి, ఆవిడిచ్చిన శెనక్కాయల మూట తీసుకుని బయల్దేరాం.

కడప: వదిన ఇల్లు

కడపలో పొద్దున్నే ఎర్రకారం దోసె. కోస్తా దోసెకు చెట్నీ పక్కన ఉంటుంది, ఇష్టమైతే ముంచుకుంటాం. ఇక్కడ కారం దోసె మీదే పూసేసి ఉంటుంది, మన ఇష్టాయిష్టాలతో పని లేదు. మా వదిన స్వభావం కూడా అదే.

వదిన భర్తను నేను అన్నయ్యా అంటాను. ఆయనకు ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. షుగరే. నాకు తెలిసిన సంగతే గానీ ఎట్లా పోయిందో ఎప్పుడూ అడగలేదు. వరండాలో కూర్చుని మా బూట్ల కథంతా విని, "నాకూ చెప్పమ్మా సామ్యూలుకు. ఒక్క బూటు చాలు, రేటు సగం ఇస్తా" అన్నాడు. అందరం నవ్వాం. వదిన నవ్వలేదు, లేచి వంటింట్లోకి వెళ్ళింది.

నేను వెనకే వెళ్ళాను. పొయ్యి మీద సంగటి కెలుకుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. "చెప్పులో మేకు లేచింది. దినమంతా దాని మీదనే నడిచినాడు. నేను అడిగితే ఏం నొప్పి ల్యా, హాయిగా ఉండాదనే అన్న్యాడు. అబద్ధం చెప్పలేదమ్మా మనిషి. ఆయనకు హాయిగానే ఉండె."

సంగటి కట్టె గిన్నె అంచుకు కొట్టి, "నువ్వు కర్నూల్లో బూట్లేసుకొని బ్రహ్మాండంగా ఉండాయన్నావే, ఆ మాట వింటేనే నాకు ఆయన చెప్పులో మేకు గ్యాపకమొచ్చింది" అంది.

గుర్రమంటే ఆవిడకు ఎందుకు గిట్టదో అప్పుడర్థమైంది. ఆవిడకు గుర్రం మీద కోపమేమీ లేదు. నా మీద భయం. సంగటి ముద్దలు చేస్తానన్నాను. చేతులు కాల్చుకున్నాను. చేతులకు మాత్రం స్పర్శ బాగానే ఉంది.

రాజంపేట: నాలుగు బూట్లు

సామ్యూలు ఇల్లు చర్చి పక్క సందులో. ముందు గది దుకాణం, వెనక పెరట్లో అరటి, బొప్పాయి. ఆయన మమ్మల్ని చూసి లేచి నిలబడి, గర్వంగా బల్ల మీది గుడ్డ తీశాడు.

గుడ్డ కింద నాలుగు బూట్లున్నాయి. గుండ్రంగా, గిన్నెల్లా, దళసరి తోలువి, పైన బిగించే పట్టీలతో.

"ఇవేంటండీ?"

"గుర్రం బూట్లు మ్యాడం. మీరే కదా చెప్పినారు? ఏడో నంబరంటే ఏడించీల గిట్ట యాడుంటాదప్పా, ఉత్తరాది గుర్రమేమో అనుకున్నా. ఒక జత చాలన్న్యారు. ముందరి కాళ్ళకు ఏసి, ఎనక కాళ్ళు ఏం పాపం చేసినాయని నాలుగూ చేసినా."

వదిన బల్ల పట్టుకుని కూర్చుండిపోయింది. అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వీ నవ్వీ, "నీళ్ళు పోసి చూసినావా?" అని అడిగింది. "చూసినానమ్మా, చుక్క పోలే" అన్నాడాయన సీరియస్‌గా. ఆ నాలుగూ కొన్నాను. కొనకపోతే పాపం తగులుతుంది.

తర్వాత నా కాళ్ళ కొలత తీశాడు. సాయంత్రం దాకా ఆగమన్నాడు, ఆ వేళకు పాదాలు కాస్త ఉబ్బుతాయి, అప్పటి కొలతే అసలు కొలత అని. తోలుకు మైనం పట్టించడం, నీళ్ళు దూరకుండా బూటు నాలుకను రెండు పక్కలా కలిపి కుట్టడం, లోపల మెత్తటి గొర్రె తోలు వేయడం, చిన్న మడమ, నున్నటి అడుగు. అన్నీ అడిగాను, అన్నిటికీ సరేనన్నాడు. మూడు వేల ఎనిమిది వందలు. కడపకు పోయి, పిలిచిన రోజు మళ్ళీ వచ్చాం.

బూట్లు చూడగానే కళ్ళు చెమర్చాయి. బెల్లం రంగు. తొడుక్కుని లేచి నిలబడ్డాను. పెరట్లో బట్టలుతికే బండ పక్కన నిలిచిన నీళ్ళలోకి దిగి తొక్కాను. లోపల పొడి.

"యాడన్నా పట్టుతాండాయా మ్యాడం?"

"లేదు."

"హాయిగా ఉండాయా?"

"చాలా హాయిగా ఉన్నాయి" అన్నాను. వదిన వైపు చూడలేదు.

"అయితే నడువు" అంది వదిన. ఎండ తగ్గాక సందు చివరి దాకా, అక్కడి నుంచి బొప్పాయి తోటల దాకా, మళ్ళీ వెనక్కి నడిపించింది. రాజంపేట ఆడవాళ్ళు చీర కింద బూట్లు చూసి, పోలీసమ్మనుకుని దారిచ్చారు. నేను ఛాతీ విరుచుకుని నడిచాను. జొన్నమ్మ నాదే అనుకున్నాను.

తిరిగొచ్చాక సామ్యూలు బూటు లాగాడు. తెల్ల సాక్సు మీద, రెండో వేలి దగ్గర, గోరంత ఎర్రటి మరక. చూస్తుండగానే వెడల్పయింది.

నాకు నొప్పి లేదు. ఏమీ లేదు. వేరే ఎవరి కాలినో చూస్తున్నట్టుంది. నాకు జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. అయిపోయింది, గుర్రం పోయింది అనుకున్నాను. ఆ వెంటనే, పోయేది గుర్రమొక్కటేనా, కాలు కూడానా అని ఇంకో భయం.

వదిన నేల మీద కూర్చుని నా కాలు తన ఒళ్ళోకి లాక్కుంది. నేను వెనక్కి లాక్కోబోయాను. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాలు పట్టుకుంటే ఆయుక్షీణం అంటారు మా ఇళ్ళలో. "వదినా, వద్దు, నా ఆయుష్షు..." అన్నాను.

"ఆయుస్సు సంగతి నేను చూసుకుంటా. కాలు కదిలించొద్దు."

సాక్సు తీసి, తడిగుడ్డతో తుడిచి, వేళ్ళు విడదీసి చూసింది. "బూటు కాదు సామ్యూలూ" అంది మెల్లగా. "మెట్టె."

వెండి మెట్టె అంచు పక్క వేలిలోకి దిగబడి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా కాళ్ళకున్న మెట్టెలు. డాక్టరమ్మ కాలికి ఏదీ ఒత్తకూడదన్నప్పుడు మేము చెప్పులు మార్చాం, పట్టీలు తీశాం, పక్క మీది దుప్పటి కూడా మెత్తటిది వేశాం. మెట్టెలు మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు. అవి పెట్టుకునే వస్తువని మాకెప్పుడూ అనిపించలేదు, వేలు ఎంతో మెట్టె అంతే. చిరిగిన సాక్సులన్నీ అక్కడే ఎందుకు చిరిగాయో కూడా అప్పుడు తెలిసింది.

సామ్యూలు నుదురు కొట్టుకున్నాడు. "కొలత తీసేటప్పుడే చూసినా మ్యాడం. మా ఇంట్లో ఆడోళ్ళు మెట్టెలు పెట్టుకోరు, మాది చర్చి కదా. మీకది ఐదోతనం. తీయండని అడిగేకి నాకు నోరు రాలే."

ఆయన్ని ఏమనగలం? నేనైనా అడిగేదాన్ని కాదు.

వదిన నా కాలు వదల్లేదు. ఆవిడ ఎట్లాంటి మనిషో చెప్పాలి. శుక్రవారం గోళ్ళు తియ్యనివ్వదు. మెట్టె వదులైందని నేనొకసారి తీసి బల్ల మీద పెడితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు చాలాసేపు ఆ వేలినే చూస్తూ కూర్చుంది. తర్వాత, "సామ్యూలూ, సబ్బు తెప్పీ" అంది.

"వదినా, నీ తమ్ముణ్ణి ఒక మాట అడిగి..."

"ఏం అడిగేది? ఇంటి ఆడబిడ్డను నేనే తీస్తాండా. పాపమేమన్నా ఉంటే నాకు రానీ. కాలుంటే కదమ్మా మెట్టెలు!"

నేను ఏడ్చాను. సబ్బు రాసి తిప్పి తిప్పి తీసింది, రెండు కాళ్ళవీ. వేళ్ళ మీద తెల్లటి గాట్లు మిగిలాయి. మెట్టెలు కొంగున ముడేసుకుంది. తర్వాత రెండు బూట్లలోకీ మోచేతి దాకా చేయి పెట్టి, కుట్లు ఒక్కొక్కటే తడిమి, ఒకచోట గరుగ్గా ఉందని సామ్యూలుతో అక్కడే సుత్తితో కొట్టించింది.

కడపలో గాయం ఆరేదాకా ఉండి, మళ్ళీ రాజంపేట వచ్చి మళ్ళీ నడిచాను. ఈసారి హాయిగా ఉన్నాయా అని నన్నెవరూ అడగలేదు. బూట్లు విప్పి, వదిన ఒక పాదం చూసింది, సామ్యూలు భార్య ఇంకో పాదం చూసింది. ఎక్కడా ఎరుపు లేదు.

మళ్ళీ కర్నూలు

మావారు గేటు దగ్గరే ఎదురొచ్చి, అలవాటుగా ముందు నా కాళ్ళు చూశారు. బూట్లు కాదు, అప్పటికి చెప్పులే వేసుకున్నాను. బోసి వేళ్ళు చూసి మొహం పాలిపోయింది.

"మెట్టెలేవి?"

వదిన కొంగు ముడి విప్పి ఆయన అరచేతిలో పోసింది. జరిగింది చెప్పింది.

"నన్నొక మాట అడగకుండానే తీశారా?"

"నువ్వు దాన్నొక మాట అడగకుండానే గుర్రాన్ని బేరం పెట్టలే?"

వదిన గొంతు తగ్గించింది. "ఒరేయ్, బూట్లు మంచియే దొరికినాయి. ఆ బేరగానికి లేదని చెప్పు. కానీ బూట్లతో అయ్యే పని కాదిది. దీని కాలు దీనికి ఏం చెప్పదు, ఇంగొకరు చూసి చెప్పాల. పెండ్లిలో సన్నికల్లు మీద ఈ కాలు పట్టుకొని మెట్టెలు తొడిగింది నువ్వే. ఒక్క దినం పట్టుకుంటే సరిపాయనా? దినామూ పట్టుకొని చూడు."

మా ఇంట్లో మగవాళ్ళు భార్య కాలు పట్టుకోవడమంటే తిట్టు కింద లెక్క. ఆయన మెట్టెలు జేబులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. వదిన కాఫీ కూడా తాగకుండా కడప బయల్దేరింది.

ఆ వారమే తొలకరి పడింది. పాకలో బురద, లద్దె, నీళ్ళు. పనంతా చేసుకుని, జొన్నమ్మనెక్కి తడిసిన గట్ల వెంట తిరిగి, సాయంత్రం ఇంటి మెట్ల మీద కూలబడ్డాను. కాళ్ళు ఎట్లా ఉన్నాయో నాకు తెలియదు.

మావారు లోపలి నుంచి వచ్చారు. ముందు వీధి వైపు ఒకసారి చూశారు. కళ్ళద్దాలు పెట్టుకుని, కింది మెట్టు మీద కూర్చుని, నా ఎడమ బూటు లాగి, సాక్సు తీసి, పాదాన్ని తొడ మీద పెట్టుకున్నారు. ఫోను లైటు వేసి ఒక్కొక్క వేలూ విడదీసి చూశారు, మడమ చూశారు, అరికాలు బొటనవేలితో నొక్కుతూ వెళ్ళారు. వీధిలో ఎవరో వెళ్తూ ఆగి చూసినా తలెత్తలేదు.

"ఇది బాగుంది" అన్నారు. "కుడిది ఇటివ్వు."